బకాసురుని బండి

1979 ఫిబ్రవరి 18, ఆదివారం సాయంత్రం ఏడున్నర. చిత్తూరులో ఒక కళాసమితి వేసిన నాటకంలో నౌకరు వేషం కట్టిన సుందరరాజు మాట రాక వేదిక దిగిపోయాడు.

నౌకరు కాఫీ గ్లాసుతో వచ్చి "అయ్యగారు వస్తున్నారండీ" అనాలి. అయ్యగారు రావాలి. సుందరరాజు అన్నాడు. అయ్యగారు రాలేదు. ఇంకోసారి అన్నాడు. మూడోసారి అన్నప్పుడు ముందు వరసలోంచి ఎవరో, "యాడొస్తాండాడప్పా, పుత్తూరు బస్సులోనా?" అని అడిగారు. జనం నవ్వారు. సుందరరాజు గ్లాసు కింద పెట్టాడు. తెర పక్కకు పోవలసినవాడు మెట్ల మీదుగా జనంలోకి దిగి, వాళ్ల మధ్యనుంచే బయటికి నడిచాడు.

అయ్యగారి వేషం సమితి కార్యదర్శి రాజారత్నానిది. ఆ సమయానికి ఆయన మీసం ఊడిపోయి, వెనక గదిలో జిగురు వెతుక్కుంటున్నాడు.

మరునాడు రాజారత్నం బెల్లం మండీకి వచ్చాడు. సుందరరాజు అక్కడ గుమస్తా.

"మీసం ఊడింది నా తప్పే" అన్నాడు రాజారత్నం. "అయితే నాటకమన్నాక మీసం ఊడతాది, కరెంటు పోతాది. అప్పుడు నిలబడుకోని ఏదో ఒకటి మాట్లాడేవాడే నౌకరు. జూన్‌లో మళ్లా ఆడతాం. అంతలోకి యాడైనా నేర్చుకోని రా. లేదంటే తెర తాడు పట్టుకో. తాడుకి మాటలక్కర్లేదు."

సుందరరాజు ఆరేళ్లు తెర తాడు లాగాడు. ఆ తర్వాత వచ్చిన మొదటి వేషం అది. మళ్లీ తాడు దగ్గరికి పోవడం అతనికి ఇష్టం లేదు.

ఇంట్లో అక్క ఆదిలక్ష్మమ్మ విషయం విని, చేటలో బియ్యం చెరుగుతూనే, "నవ్విచ్చేదానికి గూడా ట్యూషనా రా?" అంది. "నిన్న నువ్వు జనంలో నడిచిపోతే అందరూ నవ్వినారంట కదా. దాన్నే మళ్లా చెయ్యి."

రాయని మాట మాట్లాడడం ఎక్కడ నేర్పుతారో సుందరరాజుకు తెలియదు. మండీకి వచ్చే రైతుల్ని అడిగాడు. వాళ్లు మూడు చోట్లు చెప్పారు.

మొదట తిరుపతి వెళ్లాడు. నారాయణ మాస్టారు బడి నుంచి రిటైరై, గోవిందరాజస్వామి గుడి వెనక వీధిలో ఒక మిద్దె మీద ఆదివారాలు నటన నేర్పేవాడు. గదిలో ఫ్యాను ఉంది, కుర్చీలున్నాయి, తరగతి ముగిశాక సర్టిఫికెట్టు ఉంది. మాస్టారు ఒక కుర్రవాడిచేత హాస్యం చెప్పించి చూపాడు. మాటలు మాస్టారు రాసినవే. ఎక్కడ ఆగాలో, ఎక్కడ జనం నవ్వుతారో కూడా రాసి పెట్టాడు. కుర్రవాడు ఆగినచోట సుందరరాజుకు నిజంగానే నవ్వొచ్చింది.

"ఎదుటి మనిషి రాకపోతే ఏం చేయాలండీ?" అని అడిగాడు.

"రాకపోవడం ఉండదు" అన్నాడు మాస్టారు. "రిహార్సలు ఎందుకు చేస్తాం? మే ఆరో తేదీ కొత్త తరగతి మొదలు. మొదటిరోజు రానివాణ్ని రెండోరోజు కూర్చోబెట్టుకోను. అది గుర్తుంచుకో."

తర్వాతి వారం వడమాలపేట వెళ్లాడు. అక్కడ బుర్రకథ దళంలో హాస్యం చెప్పే ప్రేమానందం అతన్ని మంచం మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాడు. "రెండేండ్లు డక్కీలు మొయ్యాల" అన్నాడు. "మూడో ఏడు తందానా అనిపిస్తాం. మాటలు ఆ తర్వాత."

"నాకు జూన్‌కి కావాలన్నా."

"జూన్‌కి మజ్జిగే దొరికేది. ఇంకో గ్లాసు తాగు."

మూడో చోటు ఐరాల దగ్గర ఒక పల్లె. అక్కడ వీధినాటకాల్లో బఫూన్ వేషం వేసే కుప్పయ్య వరి కయ్యకు నీళ్లు కడుతున్నాడు. పార చేతిలోనే ఉంచుకొని అంతా విన్నాడు.

"నేర్పేదేముండాదప్పా" అన్నాడు. "నేనెవురికీ నేర్పలా. నాకెవురూ నేర్పలా."

సుందరరాజు మాస్టారిని అడిగిందే ఇక్కడా అడిగాడు. "ఎదుటి మనిషి రాకుంటే ఏం చేస్తావన్నా?"

కుప్పయ్య మడవ మార్చి, నీళ్లు పారాయో లేదో చూసుకొని చెప్పాడు. "వాడు రాకుంటే రాకపోనీ. జనం వచ్చిండారు కదా. వాళ్లతో మాట్లాడు."

తర్వాత, "ఈ ఏడు మా ఊళ్లో భారతం ఉండాది. బకాసురుని బండి ఎక్కుతావా?" అని అడిగాడు.

ఎండాకాలంలో ధర్మరాజుల గుళ్ల దగ్గర భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి నాటకం. బకాసుర వధ మాత్రం పగలే, ఊరంతా తిరిగి చేస్తారు. రాక్షసుడికి కూడు పట్టుకొని పోయే భీముడు ఎద్దుల బండి మీద వీధివీధికీ వస్తాడు. ప్రతి ఇంటివాళ్లూ బండిలో ఏదో ఒకటి వేస్తారు. భీముడు దారిపొడుగునా తింటూనే ఉంటాడు. నోరు ఖాళీ ఉండదు గనక ఆయన మాట్లాడడు. పక్కన కూర్చున్నవాడు మాట్లాడాలి. ఏ ఇంటివాళ్లు ఏమంటారో ముందుగా తెలియదు.

"ఏటా నేను కూర్చుంటా. ఈ ఏడు బండి తోలుతా. నువ్వు కూర్చో" అన్నాడు కుప్పయ్య. "ఊరి చివర బకాసురుని గుంత కాడికి పోయేదాకా మాట్లాడితే నీకు వచ్చినట్టే. నోరు మూతపడితే దిగిపో. మళ్లా నా కాడికి రావద్దు."

బకాసుర వధ మే ఆరో తేదీకి పడింది.

ఆ ఉదయం సుందరరాజు చిత్తూరు బస్టాండులో కాసేపు నిలబడ్డాడు. తిరుపతి బస్సు ముందు వచ్చింది. ఎక్కలేదు. ఐరాల బస్సు ఎక్కాడు. ఇంట్లో బయలుదేరేటప్పుడు ఆదిలక్ష్మమ్మ, "ఫ్యాను కింద నేర్చుకునేది వదిలి ఎండలో బండెక్కుతావా? సరే, తలకు గుడ్డ కట్టుకో" అంది. గుడ్డ ఆమే ఇచ్చింది.

బండి గుడి దగ్గర కదిలింది. కుప్పయ్య నొగల మీద కూర్చుని, ఇల్లు వచ్చేముందు వెనక్కి తిరగకుండా ఆ ఇంటివాళ్ల పేరు చెప్పేవాడు. అదొక్కటే అతను చేసిన సాయం. మొదటి ఇంటి ముందు సుందరరాజు, "భీమసేనులవారు వచ్చియున్నారు, అన్నము పెట్టండి" అన్నాడు.

"ఎవురప్పా ఈ వల్లె అప్పజెప్పేవాడు?" అంది ఒక ముసలమ్మ. "పుస్తకం మరిసిపోయి వచ్చినావా?"

"మరిసిపోలేదవ్వా. భీముడు తినేసినాడు."

ముసలమ్మ భీముడి వైపు చూసింది. భీముడు నములుతున్నాడు. ఆమె రెండు అరటిపళ్లు బండిలో వేసి, "అయితే వీడికి సదువొచ్చినట్టే" అంది.

ఆ తర్వాతి ఇంట్లో ఒకామె గంప ఇయ్యనని పట్టుబట్టింది. పోయినేడు ఇచ్చిన గంప తిరిగి రాలేదట. "గంప గూడా కూడనుకున్నాడక్కా. ఈ ఏడు ఇనప గంప ఇయ్యి" అన్నాడు సుందరరాజు. ఆమె సొరకాయ కూర ఆకులో పెట్టి ఇచ్చింది. నాలుగు వీధులు అట్లా గడిచాయి. జనం బండి వెనక నడుస్తున్నారు.

అయిదో వీధి మలుపులో కుప్పయ్య ఎద్దుల్ని ఆపి, "మునిరామయ్య ఇల్లు" అన్నాడు. తలుపు వేసి ఉంది.

సుందరరాజు బండి మీద లేచి నిలబడి కేక వేశాడు. "మునిరామయ్య మామా, భీముడొచ్చినాడు. తలుపేసుకుంటే ఆకలి పోతాదా? సంగటంతా నువ్వే తిని పండుకున్నావా? లెయ్ మామా."

వెనక ఎవరూ నవ్వలేదు. కుప్పయ్య తల వంచుకున్నాడు. భీముడు నమలడం ఆపాడు.

తలుపు తెరిచి ఒకామె గడప లోపలే నిలబడింది. ఆమె మునిరామయ్య భార్య జ్ఞానాంబ.

"లెయ్యడు నాయనా" అంది. "ఆయప్ప పోయి తొమ్మిది దినాలాయ."

ప్రతి ఏడూ బండి ఆగే ఇల్లు అది. సంగటి గంప ఇచ్చేముందు మునిరామయ్య బఫూన్‌తో వాదం పెట్టుకునేవాడు. అందుకోసం జనం ఆ మలుపులో ముందే గుమిగూడేవారు. చావు అంటు ఉన్న ఇంటి ముందు బండి ఆగకూడదు. కుప్పయ్యకు ఆ సంగతి తెలుసు. పాడె మోసినవాళ్లలో అతనూ ఉన్నాడు. అయినా అలవాటున ఎద్దుల్ని ఆపాడు, అలవాటున పేరు చెప్పాడు.

సుందరరాజు ఒక కాలు బండి మీంచి దించాడు. నేల తగిలింది. కుప్పయ్య వైపు చూశాడు. కుప్పయ్య తల ఎత్తలేదు. ఇక ఎదురుగా ఉన్నది గడపలో నిలబడిన మనిషి ఒక్కతే.

"తెలీక అరిచినానమ్మా" అన్నాడు. "తప్పయింది."

"నీకేం తెలుస్తాది. ఏటా మా గంప లేనిది బండి కదిలేది కాదు. ఈ ఏడు అంటు. నా చేతి కూడు భీముడికి పనికిరాదు. పోండి."

కుప్పయ్య పగ్గాలు ఎత్తాడు. సుందరరాజు దించిన కాలు పైకి తీసుకోలేదు.

"భీముడికి పనికిరాదు, సరే" అన్నాడు. "ఈ బండిలో కూడు భీముడిది కాదు కదమ్మా. బకాసురునిది. వీడు దావలో దొంగతనంగా తింటాండాడు. మనుషుల్ని తినేవాడికి అంటేముండాది?"

భీముడు నోట్లో ఉన్నది మింగాడు. అది చూసి జనంలో ఒకతను నవ్వు ఆపుకోలేకపోయాడు.

"ఆయప్ప గూడా ఏటా రాక్షసుని పక్షమే మాట్లాడేవాడు" అంది జ్ఞానాంబ. "వాడికి పెట్టేది అడ్డం తినేవాడు దేవుడెట్లయినాడని కుప్పయ్యతో కొట్లాడేవాడు." లోపలికి వెళ్లి సంగటి కుండ తెచ్చి గడప మీద పెట్టింది.

గుడి ధర్మకర్త వరదయ్య ముందుకు వచ్చాడు. "అంటు ఇంటి కూడు గుడి బండి ఎక్కేదానికి లేదు."

"ఎక్కొద్దు మామా" అన్నాడు సుందరరాజు. "నడిచి వస్తాది."

వరదయ్య కుండ వైపు చూశాడు, జనం వైపు చూశాడు. "నడిచి వస్తే నాకేం పని" అని పక్కకు జరిగాడు.

జ్ఞానాంబ మరిది కుండ నెత్తిన పెట్టుకొని, బండికి ఎడంగా వెనక నడిచాడు. సుందరరాజు బండి ఎక్కాడు. గుంత దగ్గర మన్నుతో చేసిన బకాసురుడి బొమ్మ ముందు కుండ విడిగా దించారు. బండిలో కూడు జనానికి పంచారు. కుండ జోలికి ఎవరూ పోలేదు.

ఎద్దులు విప్పేటప్పుడు కుప్పయ్య, "దిగిపోతావనుకుంటి" అన్నాడు.

"ఒక కాలు దిగినా."

"సూసినా" అన్నాడు కుప్పయ్య. ఎద్దుల్ని నీళ్లకు తోలుకుపోయాడు.

మరుసటి ఆదివారం సుందరరాజు తిరుపతి వెళ్లాడు. నారాయణ మాస్టారు మర్యాదగా మాట్లాడి, తరగతిలో చేర్చుకోలేదు.

ఐరాల రైతులు బెల్లం తెచ్చినప్పుడల్లా మండీలో బండి సంగతి చెప్పేవారు. రాజారత్నం విన్నాడు. నౌకరు వేషం సుందరరాజుకే ఇచ్చాడు. జూన్ పదో తేదీ సాయంత్రం అదే నాటకం మళ్లీ వేశారు. ఐరాల నుంచి వచ్చిన నలుగురైదుగురు రైతులు ముందు వరసలో కూర్చున్నారు.

రెండో రంగంలో సుందరరాజు గ్లాసుతో వచ్చి "అయ్యగారు వస్తున్నారండీ" అన్నాడు. రాజారత్నం పక్క తెర దగ్గర సిద్ధంగా ఉండి, అడుగు ముందుకు వేశాడు. అంతలో ముందు వరసలో ఒక రైతు, "యాడొస్తాండాడప్పా?" అన్నాడు. రాజారత్నం వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాడు.

"మీసం అతికించుకుంటాండాడు మామా" అన్నాడు సుందరరాజు. "అంతలోకి కాఫీ ఆరిపోతాది. నువ్వు తాగు." వేదిక అంచుకు వచ్చి, వంగి గ్లాసు ఇచ్చాడు.

రైతు తాగి, "ఇవి నీళ్లప్పా" అన్నాడు.

"మా అయ్యగారింట్లో కాఫీ అంటే ఇదే. జీతం గూడా ఇట్లే ఉంటాది."

జనం నవ్వారు. నవ్వు తగ్గేదాకా సుందరరాజు ఆగాడు. రైతు గ్లాసు తిరిగి ఇచ్చాడు. మీసం మీద చెయ్యి పెట్టుకొని రాజారత్నం వేదిక మీదికి వచ్చాడు.