బల్లకి ఇవతల నుంచి చూస్తే

గ్రేసమ్మ చేలో పత్తి పగిలి నాలుగు రోజులైంది. తీసుకోవడానికి మాత్రం వీల్లేదు. చేను చుట్టూ ఎర్రజెండాలు పాతి, గట్టు మీద కానిస్టేబుల్ని కూర్చోబెట్టారు. జపానోడి యుద్ధం రోజుల్లో విమానంలోంచి తీసిన ఫోటోలో ఆ చేలో బాంబు గుంతలు కనపడ్డాయట. పేలని బాంబులు ఇంకా భూమిలో ఉండొచ్చట. నలభై ఏళ్లుగా ఏ నాగలికీ తగలని బాంబు, గురజాల ఆఫీసులో కూర్చున్నవాళ్లకి కాయితం మీద దొరికింది. పైన చూస్తే మబ్బు. వానకి తడిస్తే పత్తి నల్లబడి ఎందుకూ పనికిరాదు. గ్రేసమ్మ కడుపు మండి ఆఫీసుకెళ్లింది.

ఆఫీసరు బ్రహ్మానందం ఫోటోని తన ముందు పరిచి పెన్సిలుతో చూపించాడు. ఆమెని కూర్చోమనలేదు. బల్లకి ఇవతల నిలబడే వంగి చూసింది.

"ఇవిగో, నాలుగు గుంతలు."

"గుంతలేంది బాబూ, ఇయ్యి చొప్పవాములు గదా. నేను కాపురానికొచ్చిన ఏడు ఊళ్లోవాళ్లం మా చేలో వేసినయ్యి. ఒక పక్క పీకినట్టుందే, అది మాది. మా మామ ఎప్పుడూ ఆ పక్కే పీకి గొడ్లకేసేవోడు."

ఆయన నవ్వాడు. చదువు లేనివాళ్ల కోసం దాచిపెట్టుకునే నవ్వు అది.

"నవ్వమాక. ఇటొచ్చి చూడు."

ఆమెని వదిలించుకుందామని లేచి వచ్చాడు. వంగి చూశాడు. నాలుగు గుంతలూ పైకి లేచి వాములై నిలబడ్డాయి. నీడ మనవైపు పడితే వామి, అటువైపు పడితే అదే గుంతలా కనపడుతుంది. అంతే సంగతి. ఆయన మెల్లగా వెళ్లి తన కుర్చీలో కూర్చుని మళ్లీ చూశాడు.

"ఇటునుంచి గుంతలేనమ్మా. మేం ఉత్తరం పైకి పెట్టే చూడాలి. రిపోర్టు హైదరాబాదు వెళ్లిపోయింది. మళ్లీ సర్వే అయ్యేదాకా ఎవరూ చేలోకి దిగకూడదు."

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లన్నవాడైనా నాలుగో కాలు చూసి ఉండడు. ఈయన చూశాడు, చూసి వెళ్లి కూర్చున్నాడు. తెలియక చేసినవాణ్ణి క్షమించొచ్చు గానీ ఇలాంటివాణ్ణి ఏమనాలి?

"మబ్బు పట్టింది బాబూ. నా పత్తో?"

ఆయన ఫోటోని ఫైల్లో పెట్టి తాడు కట్టాడు.

మర్నాడు పొద్దున్నే గ్రేసమ్మ ఒడి కట్టుకుని జెండాలు దాటి చేలోకి దిగింది. కానిస్టేబులు గట్టు మీద నుంచి ఈల వేశాడు.

"పెద్దమ్మా, బయటికి రా. కేసవుద్ది."

"నువ్వే వొచ్చి ఈడ్చుకుపోరా నాయనా."

అతను ఒక కాలు దించబోయి, జెండా వంక చూసి, మళ్లీ గట్టు మీదికి లాక్కున్నాడు.

గ్రేసమ్మ పత్తి తీస్తూనే అంది: "బాంబులున్నయ్యా, అక్కడే నిలబడు. లేవా, వొచ్చి నాతోపాటు పత్తి తియ్యి."