పేరు తెలియని మందు

కోసిగి మద్దమ్మ కాలి వేళ్ల సందున తుమ్మముల్లు విరిగి చీము పట్టింది. భర్త లక్ష్మప్ప ఆమెను ఆదోని ఆసుపత్రికి తెచ్చేసరికి పాదం ఉబ్బిపోయింది, ఒళ్లు కాలిపోతోంది. డాక్టరు భీమసేనరావు ముల్లు తీసి పెన్సిలిన్ ఇమ్మన్నాడు. నర్సు మహమూదా బీ సూది పట్టుకోగానే మద్దమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది.

"మునుపు ఎమ్మిగనూరులో ఏదో సూదేస్తే సచ్చి బతికినాను సారూ. ఆ మందు మళ్లా ఏసుకోవద్దని ఆడి డాక్టరు సీటీ రాసిచ్చినాడు."

"ఏదమ్మా ఆ చీటీ?"

"వానకు గుడిసె కారి నానిపోయింది. అందులో ఏం పేరుందో మాకేం తెలుసు?"

"చీటీ లేనప్పుడు మనమేం చేస్తాం సార్? ఇచ్చేద్దాం," అంది మహమూదా బీ.

"చీటీ పోయిందమ్మా. ఆ మందు పడకపోవడం ఎక్కడికి పోతుంది?" అన్నాడు డాక్టరు నర్సుతో. వేరే మందు ఇద్దామన్నా, పడనిది అదే కావచ్చు.

పడుతుందో లేదో తెలియడానికి చర్మం కింద పెన్సిలిన్ ఒక్క చుక్క వేసి చూడవచ్చు. కానీ ఆ చుక్కకే ఒక మనిషి తన చేతుల్లో పోవడం ఆయన చూసి ఉన్నాడు. కనుక్కుని రమ్మని లక్ష్మప్పను ఎమ్మిగనూరు బస్సెక్కించి, ఆయన చీము కడుగుతూ కూర్చున్నాడు.

సాయంత్రం లక్ష్మప్ప ఉత్త చేతులతో వచ్చాడు. ఆ డాక్టరు ఊరొదిలి ఎప్పుడో పోయినాడట. అప్పటి కాంపౌండరు బడే సాబ్ మాత్రం దొరికాడు.

"ఒగాయమ్మ పడిపోయింది గుర్తుందన్నాడు సారూ. మందు గుర్తులేదంట. ఉత్తుత్తిగా సెప్తే మనిషి పోతాది, నేను సెప్పనన్నాడు."

అప్పటికి రెండు వేళ్లు నల్లబడ్డాయి. ఇక ఆగే వీలు లేదు. విరుగుడు ఇంజెక్షను పక్కన పెట్టుకుని, డాక్టరు చుక్క వేశాడు. చూస్తుండగానే చోటు ఎర్రగా పొంగింది. మద్దమ్మకు ఆయాసం వచ్చింది, విరుగుడుతో తగ్గింది. పడనిది పెన్సిలినేనని తేలాక వేరే మందు మొదలుపెట్టాడు. జ్వరం దిగింది, పాదం నిలిచింది. రెండు వేళ్లు మాత్రం తీసేయవలసి వచ్చింది.

పంపేరోజు లక్ష్మప్ప అడిగాడు: "ఆ సుక్కేదో పొద్దున్నే ఏసింటే ఏళ్లు దక్కేవా సారూ?"

"దక్కేవేమో," అన్నాడు భీమసేనరావు. "భయపడినాను లక్ష్మప్పా."

లక్ష్మప్ప భార్యను భుజానికి ఆనించుకుని మెల్లగా మెట్లు దింపాడు.