పద్నాలుగు రోజుల ప్రశ్న

సింగపూర్ విమానం శుక్రవారం సాయంత్రం, చెన్నైలో ఎక్కాలి. ఆదివారం నుంచే గిరిబాబు ఇంటి గేటుకి తాళం వేసేశాడు. పాలవాడు పాకెట్లు గోడ మీద పెట్టి వెళ్ళాలి. కూరగాయలు ఉప్పునీళ్ళలో కడిగితే తప్ప లోపలికి రాకూడదు. వాళ్ళమ్మ నాగేంద్రమ్మ ఇరుగుపొరుగుతో మాట్లాడాలంటే మేడ మీద నుంచే మాట్లాడాలి. ఆరేళ్ళ కూతురు మేఘన ఒక్క తుమ్ము తుమ్మితే చాలు, చేతిలో పని వదిలేసి పరిగెత్తుకొచ్చేవాడు.

"జలుబు చేసిందామ్మా?"

"నానమ్మ పోపులో మిరపకాయలు మాడ్చింది నాన్నా."

అది విన్నాక గానీ అతనికి ఊపిరి ఆడేది కాదు.

అది రెండు వేల ఇరవై ఒకటి డిసెంబరు. తిరువూరు బస్టాండులో మాస్కు పెట్టుకున్న మనిషి పదిమందిలో ఒకడు కూడా కనపడటం లేదు. రోగం పోయిందనే అందరూ అనుకుంటున్నారు. గిరిబాబు జాగ్రత్తలు చూసి వీధిలోవాళ్ళు నవ్వుకున్నారు కూడా. నవ్వితే నవ్వనీ అనుకున్నాడు. అతని భార్య శ్రీవల్లి సింగపూర్‌లో ఒక ఆసుపత్రిలో నర్సు. నిరుడు జనవరిలో వెళ్ళింది. "ఆర్నెల్లకోసారి వచ్చిపోతాను బావా, ఎంతలోకి" అని వెళ్ళింది. రెండు నెలలు తిరక్కుండానే దేశాలు తలుపులు మూసుకున్నాయి. అప్పటికి మేఘనకి నాలుగేళ్ళు. ఇప్పుడు అమ్మ అంటే ఆ పిల్లకి ఫోనులో కనపడే మొహం. ఫోను చేతికిస్తే ఐదు నిమిషాలు మాట్లాడి, "ఇంక ఆడుకుంటానమ్మా" అని పెట్టేస్తోంది. అవతల శ్రీవల్లి మొహం ఎలా మారిపోయేదో గిరిబాబుకి తెలుసు.

నవంబరు చివర్లో సింగపూర్ వాళ్ళు చెన్నై నుంచి కొన్ని విమానాలకి దారి తెరిచారు. టీకాలు రెండూ వేసుకున్నవాళ్ళు క్వారంటీన్ లేకుండా రావచ్చు, పిల్లల్ని వెంట తెచ్చుకోవచ్చు. రెండు వారాల్లో వీసాలొచ్చాయి, ప్రయాణానికి పాస్ వచ్చింది, టికెట్లు దొరికాయి. అంతలో ఒమిక్రాన్ అని కొత్త పేరు టీవీలో మొదలైంది. తెరిచిన దారి ఏ రోజు మూస్తారో తెలీదు. బయల్దేరే రెండు రోజుల్లోపు పరీక్ష చేయించుకుని ఇద్దరికీ నెగెటివ్ రావాలి. బుధవారం సాయంత్రం విజయవాడలో ఆ పరీక్షకి టైము తీసుకున్నాడు.

మంగళవారం మధ్యాహ్నం రెండింటికి ఫోను మోగింది. పక్కవీధిలో ఒంటరిగా ఉండే బాబాయ్ వెంకటప్పయ్య.

"ఏం లేదురా గిరీ. కాస్త ఆయాసంగా ఉంది. ఆ నూట ఎనిమిదికి ఫోను ఎట్లా చెయ్యాలో చెబుతావా?"

ఒక్కో మాటకీ మధ్య ఊపిరి లాగుతున్నాడు. గిరిబాబు గేటు తాళం తీసి పరిగెత్తాడు. వెంకటప్పయ్య వరండాలో గోడకి చేరగిలబడి ఉన్నాడు. మూడు రోజుల నుంచి జ్వరం. మేనల్లుడి వరసైన వాడి పెళ్ళికి గంపలగూడెం వెళ్ళొచ్చిన దగ్గర్నుంచీ మొదలైంది. ప్రయాణం పెట్టుకున్నవాడు, వాడికెందుకు చెప్పటం అని ఎవరికీ చెప్పకుండా మాత్రలు మింగుతూ పడుకున్నాడు. గిరిబాబు గేటు దగ్గరే నిలబడి తన ఇంట్లోంచి ఆక్సీమీటరు తెప్పించి విసిరాడు. ముసలాయన వేలికి తగిలించుకుని అంకె చదివాడు. ఎనభై ఆరు.

అంబులెన్సు విస్సన్నపేట వైపు వెళ్ళిందట, తిరిగొచ్చేసరికి గంటన్నర. తెలిసిన టాక్సీవాడు జ్వరం అన్న మాట వినగానే బండి బాగాలేదన్నాడు. నాగేంద్రమ్మ వీధి మొగలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఒరే గిరీ, నువ్వు మాత్రం దగ్గరికి వెళ్ళకు. ఆటో ఏడుకొండల్ని నేను బతిమాలతాను. నీకు ఎల్లుండి రైలు."

గిరిబాబు వరండా వైపే చూస్తున్నాడు. మే నెలలో పిన్నికి ఇలాగే ఆయాసం వచ్చినప్పుడు కూడా అతను ఈ గేటు దగ్గరే నిలబడ్డాడు. ఇంట్లో చిన్నపిల్ల ఉందని లోపలికి వెళ్ళలేదు. నాలుగు గంటల తర్వాత అంబులెన్సు వచ్చేసరికి ఇంకా ఆవిడ కూర్చునే ఉంది, మాట్లాడింది కూడా. మైలవరం దాటాక పోయింది. అతన్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. బాబాయ్ అసలే అనలేదు.

గిరిబాబు ఇంటికెళ్ళి కారు తెచ్చి గేటు ముందు ఆపాడు. రెండు మాస్కులు పెట్టుకున్నాడు, అద్దాలు నాలుగూ దించాడు. వెంకటప్పయ్య మొండికేశాడు.

"నేను ఎక్కను. పిల్లదాన్ని వాళ్ళమ్మ దగ్గరికి తీసుకెళ్ళు ముందు."

"బాబాయ్, మాట్లాడితే ఆయాసం ఎక్కువవుతుంది. ఎక్కు."

సరిగ్గా కూర్చోలేకపోతున్న మనిషిని చంకల కింద చేతులేసి ఎత్తి వెనక సీట్లో పడుకోబెట్టాడు. ఆ ఎత్తటంలో ముసలాయన దగ్గు అతని మెడ మీద వెచ్చగా తగిలింది.

విజయవాడ రెండు గంటల దారి. దారి పొడుగునా పత్తి మూటలు వేసుకెళ్ళే ట్రాక్టర్లు. ఒక్కో ట్రాక్టరు వెనకా ఆగినప్పుడల్లా గిరిబాబు వెనక్కి చెవి పెట్టి ఊపిరి శబ్దం వినేవాడు. వినపడితే ఒక భయం తగ్గేది, రెండోది మొదలయ్యేది. ఇది మామూలు జ్వరమైతే బాగుండు. డెంగ్యూ అయినా బాగుండు. సొంత బాబాయికి డెంగ్యూ రావాలని కోరుకుంటున్నానని తట్టి సిగ్గుపడ్డాడు, కానీ కోరుకోవటం మానలేదు.

ఆసుపత్రిలో గుమ్మం దగ్గరే పరీక్ష చేశారు. పావుగంటకి నర్సు బయటికొచ్చి, "మీరు పేషెంటుకి ఏమవుతారండి? పాజిటివ్. మీరూ దూరంగా ఉండండి, ఇంట్లోవాళ్ళని కలవకండి" అంది.

గిరిబాబు ఇంటికి వెళ్ళలేదు. తిన్నగా ఊరి బయట ఉన్న తన మామిడితోటకి పోయి, మోటారు షెడ్డులో నులక మంచం వాల్చుకున్నాడు. తల్లి అన్నం క్యారేజీ గేటు దగ్గర పెట్టి వెళ్ళింది. బాబాయికి ఆక్సిజన్ పెట్టారని, నిలకడగా ఉన్నాడని ఫోను వచ్చింది. అప్పుడు శ్రీవల్లికి చేశాడు. మొత్తం చెప్పాడు. ఆమె అడ్డు రాకుండా వింది.

"కారులో ఎంతసేపున్నావు బావా?"

"రెండు గంటలు."

"అద్దాలు దించే ఉన్నాయా?"

"దించే ఉన్నాయి. కానీ ఎత్తి పడుకోబెట్టాను. మెడ మీదే దగ్గాడు."

 "మావయ్యని తీసుకెళ్ళి మంచి పని చేశావు. రేపు పొద్దున మాట్లాడదాం" అని పెట్టేసింది.

బుధవారం పొద్దున్నే గిరిబాబు మంచం మీద కూర్చుని ఫోనులో సింగపూర్ వాళ్ళ ఫారం తెరిచాడు. ప్రయాణానికి ముందు మూడు రోజుల్లోపు నింపాల్సింది అది. పేరు, పాస్‌పోర్టు నెంబరు, విమానం నెంబరు, దిగాక ఉండే అడ్రసు అన్నీ నింపాడు. తర్వాత ఆరోగ్యం గురించి ప్రశ్నలు. జ్వరం ఉందా? లేదు. దగ్గు? లేదు. ఆ కిందది: గత పద్నాలుగు రోజుల్లో కోవిడ్ సోకిన వ్యక్తికి దగ్గరగా మెలిగారా?

దాని పక్కన రెండు చిన్న సున్నాలు. ఒకటి అవును, ఒకటి కాదు.

శ్రీవల్లికి చేశాడు. ప్రశ్న చదివి వినిపించాడు.

"కాదు అని పెట్టు బావా."

ఆమె అంత త్వరగా చెబుతుందని అతను అనుకోలేదు.

"ఒక్క రోజులో ఏ పరీక్షకీ దొరకదు. ఇవాళ సాయంత్రం నీకు నెగెటివే వస్తుంది. నాకు తెలుసు, రోజూ చూస్తున్నదే కదా. మేఘన నీ దగ్గరికి రాలేదు. రైల్లో, విమానంలో రెండు మాస్కులు పెట్టుకో. దిగాక మళ్ళీ పరీక్ష చేస్తారు. అదీ నెగెటివ్ వస్తుంది."

"ఆ తర్వాత?"

"తర్వాత సంగతి తర్వాత."

"రెండు రోజులకో మూడు రోజులకో తేలితే? నన్నొకచోట పెడతారు, పిల్లని ఇంకోచోట పెడతారు. లేదంటే నీకంటుకుంటుంది. నువ్వు పని చేసే వార్డు ఎవరిదే?"

 ఊపిరితిత్తుల జబ్బులవాళ్ళ వార్డు అది. ఇద్దరికీ తెలుసు.

"పది రోజులు సెలవు పెట్టాను" అంది శ్రీవల్లి.  "బావా, ఈ దారి మూసేస్తారంటున్నారు ఇక్కడ. మళ్ళీ ఎప్పుడు తెరుస్తారో ఎవరికీ తెలీదు. పిల్ల నన్ను మర్చిపోతోంది. నువ్వు ఆ ప్రశ్న చదవలేదనుకో."

"చదివాను కదే వల్లీ."

ఫోను పెట్టేశాక అతను "కాదు" అన్న సున్నా మీద నొక్కాడు. సున్నాలో చుక్క పడింది. కింద "ముందుకు" అని ఉంది. అది నొక్కలేదు. చుక్క తీసేశాడు. లేచి షెడ్డు బయటికొచ్చి రెండు వరసల చెట్లు నడిచాడు. పూత ఇంకా రాలేదు. తోటకి ఒక తడి పెట్టాలి, పెట్టలేదు. విమానంలో పక్క సీటులో ఎవరు కూర్చుంటారో అని ఆలోచించాడు. బాబాయ్ వయసువాడు కూర్చోవచ్చు. రెండేళ్ళ తర్వాత కూతుర్ని చూడ్డానికి పోయే మనిషే కావచ్చు. ఎవరూ కూర్చోకపోవచ్చు కూడా. తనకి రోగమే అంటలేదేమో. అంటకపోతే ఈ నిజం చెప్పి ఎవర్ని కాపాడినట్టు?

వెనక్కి వచ్చి "అవును" నొక్కాడు, "ముందుకు" కూడా నొక్కాడు. ప్రయాణం చెయ్యవద్దని ఎర్రక్షరాల్లో వచ్చింది.

శ్రీవల్లికి మెసేజి పెట్టాడు. ఆమె చూసినట్టు గుర్తు పడింది గానీ జవాబు రాలేదు.

సాయంత్రం నాగేంద్రమ్మ మేఘనని తీసుకొచ్చింది. ఇద్దరూ తోట కంచె బయటే నిలబడ్డారు. పిల్ల ప్రయాణం కోసం కొన్న ఆకుపచ్చ గౌను వేసుకునుంది.

"మనం వెళ్ళట్లేదా నాన్నా?"

"ఇప్పుడు కాదమ్మా. నాకు జ్వరం వస్తుందేమోనని చూస్తున్నారు."

"వచ్చిందా?"

"ఇంకా రాలేదు."

"రాకపోతే వెళ్దామా?"

 నాగేంద్రమ్మ పిల్ల చెయ్యి పట్టుకుని, "పద, చీకటి పడకముందే పోదాం" అని తీసుకుపోయింది. కొడుకు చేసింది తప్పో ఒప్పో ఆవిడ ఆ రోజు గానీ తర్వాత గానీ అనలేదు.

గురువారం జ్వరం రాలేదు. శుక్రవారం విమానం వెళ్ళే వేళకి అతను మంచం మీద కూర్చుని థర్మామీటరు నోట్లో పెట్టుకున్నాడు. తొంభై ఎనిమిది. శనివారం అంతే. ఆ మూడు రోజులూ గిరిబాబు పడ్డ యాతన జ్వరంలో కూడా పడి ఉండడు. ఒంట్లో ఏమీ లేదు. ఈపాటికి మేఘన వాళ్ళమ్మ పక్కలో పడుకుని ఉండేది. శ్రీవల్లి రోజూ నాగేంద్రమ్మ ఫోనుకి చేసి పిల్లతో మాట్లాడుతోంది, అతనికి చెయ్యటం లేదు. ఎవరికీ అక్కర్లేని నిజాయితీ చూపించి పెళ్ళాం ఉసురు పోసుకున్నానా అనుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం నడుం లాగినట్టైంది. సాయంత్రానికి వంద దాటింది. పళ్ళు టకటకా కొట్టుకుంటుంటే దుప్పటి కప్పుకుని ముడుచుకున్నాడు. హమ్మయ్య అనిపించింది. అలా అనిపించినందుకు తనమీద తనకే రోత పుట్టింది. కానీ నాలుగు రోజుల తర్వాత ఆ రాత్రే కంటినిండా నిద్ర పట్టింది.

సోమవారం పాజిటివ్ అని రిపోర్టు వచ్చింది. అది నాగేంద్రమ్మ కోడలికి చెప్పిన పావుగంటలో అతని ఫోను మోగింది.

"ఆక్సిజన్ ఎంతుంది?" శ్రీవల్లి గొంతు వార్డులో మాట్లాడే గొంతులా ఉంది.

"తొంభై ఆరు."

"బోర్లా పడుకో. మూడు గంటలకోసారి చూసి నాకు మెసేజి పెట్టు. అత్తకీ మేఘనకీ కూడా పరీక్ష చేయించమన్నాను."

మూడు గంటలకోసారి అంకె పంపించాడు. ప్రతి అంకెకీ "సరే" అని వచ్చేది. ఇంకో మాట ఉండేది కాదు. తల్లికీ కూతురికీ నెగెటివ్ వచ్చింది. బుధవారం కొత్త టికెట్లు అమ్మటం ఆపేస్తున్నామని సింగపూర్ ప్రకటించింది. ఆ సాయంత్రం "సరే" కింద ఇంకో మెసేజి ఉంది. "నువ్వు వచ్చుంటే నీ రోగం అంటించుకునే వార్డుకి వెళ్ళేదాన్ని. ఇవాళ నేను చూసుకున్నవాళ్ళలో ముగ్గురు ఎనభై దాటినవాళ్ళు బావా. సెలవులో కూడా మనుషులు తక్కువై పిలిచారు, వెళ్ళాను." గిరిబాబు దాన్ని చాలాసార్లు చదువుకున్నాడు. ఆక్సీమీటరు చూసి తొంభై ఏడు అని రాశాడు.

వెంకటప్పయ్య పదకొండో రోజున ఇంటికొచ్చాడు. నెల రోజులు గిరిబాబు ఎదురుపడితే తల దించుకునేవాడు. ఒకనాడు తోటకొచ్చి, గిరిబాబు పెట్టాల్సిన తడి తనే పెట్టి పోయాడు.

జనవరిలో మూడో అల వచ్చి పోయింది. వేసవికి నిబంధనలు ఒక్కొక్కటే ఎత్తేశారు. ఏప్రిల్ చివర్లో పరీక్ష కూడా అక్కర్లేదన్నారు. మామిడి కోతల రోజులు, రైతు తోట వదిలి కదిలే కాలం కాదు. అయినా గిరిబాబు కాపంతా చెట్టు మీదే విస్సన్నపేట వ్యాపారికి ఇచ్చేసి, మే మొదటి వారంలో కూతుర్ని తీసుకుని విమానం ఎక్కాడు.

ఎక్కాడన్న మాటే గానీ, దిగేదాకా నమ్మకం లేదు. ప్రతి కౌంటరు దగ్గరా కాగితాల కట్ట ముందే తీసి పట్టుకున్నాడు. ఎవరో ఒకరు ఏదో ఒక కాగితం లేదంటారనే చూశాడు. ఎవరూ ఏమీ అనలేదు. స్టాంపు వేసి పంపేశారు.

బయట నిలబడ్డ వాళ్ళందరి మొహాలకీ మాస్కులే. మేఘన తండ్రి చెయ్యి గట్టిగా పట్టుకుని ఒక్కొక్కరినీ చూస్తూ నడుస్తోంది. పసుపు చుడీదారు వేసుకున్న ఒకావిడ కడ్డీల అవతల నుంచి చెయ్యి ఊపింది. మేఘన గిరిబాబు వెనక్కి జరిగింది.

"అమ్మే" అన్నాడతను.

"ఫోనులో ఇంత పొడుగు లేదుగా" అంది పిల్ల.

శ్రీవల్లి దగ్గరికొచ్చి నేల మీద గొంతుక్కూర్చుంది. చేతులు చాచలేదు. అటూ ఇటూ చూసి, మాస్కు ఒక్క క్షణం గడ్డం కిందకి లాగింది. మేఘన చాలాసేపు పరీక్షగా చూసింది. తర్వాత తండ్రి చెయ్యి వదలకుండానే రెండో చేత్తో ఆమె ముక్కుపుడక ముట్టుకుంది.

శ్రీవల్లి తలెత్తి భర్తని చూసింది. కళ్ళు నిండిపోయి ఉన్నాయి.

"మావయ్య ఎలా ఉన్నాడు బావా?"

"తిరుగుతున్నాడు. మెట్లెక్కితే ఇంకా ఆగి ఊపిరి తీసుకుంటాడు."

ఆమె తలూపింది. ఇంకేదో అడగబోయింది గానీ, మేఘన ఆకలేస్తోందని మొదలుపెట్టింది. ముగ్గురూ సామాన్ల బండి తోసుకుంటూ తినేందుకు ఏం దొరుకుతుందో వెతుక్కుంటూ బయల్దేరారు.