వస్తే, వచ్చి ఉంటే

మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో ఒక విల్లా పై అంతస్తు అద్దెకి తీసుకున్న ఆ ఇంట్లో పొద్దున్న ఆరున్నరకే హడావుడి మొదలయ్యేది. సిద్ధార్థ్ ముసఫ్ఫాలోని ఫ్యాక్టరీకి వెళ్ళాలి. అతని భార్య శ్రీసుధ అబుదాబి ఊళ్ళో ఇన్సూరెన్సు ఆఫీసుకి వెళ్ళాలి. ఏడింటికల్లా ఇద్దరూ బయటపడితే మళ్ళీ ఇల్లు చేరేసరికి సాయంత్రం ఏడు. ఆ పన్నెండు గంటలూ వాళ్ళ కూతురు సంహితవీ, ఆయా నందావతివీ.

నందావతిది శ్రీలంకలో కురునేగల దగ్గర పల్లెటూరు. సంహితకి నెల నిండినప్పటినుంచీ ఆమే పెంచింది. అన్నం చిన్న చిన్న ముద్దలు చేసి, ఒక్కో ముద్దనీ బొటనవేలితో సుతారంగా పిల్ల నోట్లోకి జార్చేది. పెద్దవాళ్ళతో సగం హిందీ, సగం తెలుగు మాట్లాడేది. పిల్లతో మాత్రం సింహళమే. "చూటి దూ" అని పిలిచేది. చిట్టితల్లీ అన్నట్టు. అందుకని నాలుగేళ్ళు వచ్చేసరికి సంహితకి రా, పో, పాలు, బొమ్మ లాంటి తెలుగు ముక్కలు పదో పదిహేనో పట్టుబడ్డాయిగానీ, కోపం వచ్చినా కోరిక పుట్టినా సింహళంలోనే.

"పిల్ల నాతో ఏదో చెబుతోందే, ఒక్క ముక్క అర్థం కాదు," అనేది కాకినాడ నుంచి ఫోన్లో శ్రీసుధ అత్తగారు.

"బళ్ళో వేస్తే అదే వస్తుందిలెండి, అత్తయ్యా," అనేది శ్రీసుధ, లాప్‌టాప్ మీంచి తలెత్తకుండానే.

2020 మార్చి మొదటివారంలో నందావతి నాలుగేళ్ళ తర్వాత మొదటిసారి సెలవు మీద ఊరికి బయల్దేరింది. నెల రోజులే. ఊళ్ళో అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న పదిహేడేళ్ళ కూతురుంది, దిలినీ. టాక్సీ వచ్చి గేటు దగ్గర ఆగింది. సంహిత నందావతి కుడిచెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. బతిమాలినా, బిస్కెట్టు చూపించినా, సిద్ధార్థ్ కేకలేసినా వదల్లేదు.

నందావతి కాసేపు చూసింది. తర్వాత పిల్ల పక్కన గొంతుక్కూచుని, బిగుసుకున్న గాజు తీసినట్టు మణికట్టు దగ్గర మెల్లిగా తిప్పి, చెయ్యి ఊడదీసి పిల్లకిచ్చింది.

"నెల రోజులే కదా, మేడం. ఉంచండి. రోజూ కొబ్బరినూనె రాయండి, ఏసీకి పగిలిపోద్ది."

"ఎడంచేత్తో పెట్టె లాగగలవా?" అన్నాడు సిద్ధార్థ్.

"లాగుతా సార్." టాక్సీలోంచి పిల్లకేసి చూసి, "గిహిన్ ఎన్నం," అంది. వెళ్ళొస్తానని. మనలాగే వాళ్ళూ ఉత్తినే వెళ్తానని అనరు.

రెండు వారాలు తిరక్కుండా అక్కడ విమానాశ్రయం మూసేశారు. ఆ తర్వాత ఇక్కడా మూసేశారు. శ్రీసుధ ఆఫీసు ఇంటికొచ్చింది. భోజనాల బల్లకి ఒక చివర ఆమె హెడ్‌ఫోన్ పెట్టుకుని క్లెయిముల గురించి మాట్లాడుతుంటే, రెండో చివర నందావతి చెయ్యి అన్నం కలిపి సంహితకి తినిపించేది. తల దువ్వేది. మధ్యాహ్నం జోకొట్టి నిద్రపుచ్చేది. పాల కోసం వచ్చిన కింది వాటా ఆవిడ చూసి, "చెయ్యి మంచిదండీ, మా ఆయా అయితే ఫోన్ నంబరు కూడా ఇచ్చి వెళ్ళలేదు," అంది.

చిక్కల్లా చెయ్యి మాట్లాడదు. సంహిత దాన్ని ఏదేదో అడిగేది, జవాబు లేక అలిగేది. ఏప్రిల్లో ఒకరోజు చెయ్యి ముద్ద ఎత్తినా సంహిత నోరు తెరవలేదు.

"నందమ్మా ఆవొత్ కన్నం," అంది.

శ్రీసుధకి వినబడింది కన్నం ఒక్కటే. గోడకేమైనా కన్నం పడిందా, ఎలుక దూరిందా అని బల్లకిందా అలమార వెనకా వెతికింది. పిల్ల ఏడుస్తూ అదే మాట. చేసేది లేక నందావతికి ఫోన్ చేసింది. ఎత్తింది దిలినీ. అమ్మ దొడ్లో ఉందంది. ఇద్దరికీ మధ్య ఉన్న భాష ఇంగ్లీషు. దిలినీది బడి ఇంగ్లీషు, ఆగి ఆగి వస్తుంది.

"కన్నం అంటే తింటాను అని, మేడం. ఆవొత్ అంటే వస్తే. నందమ్మ వస్తే తింటాను అంటోంది." ఒక్క క్షణం ఆగి, "మా అమ్మని అమ్మ అనే పిలుస్తుందా?" అంది.

ఆ పూట సంహిత తినలేదు. మర్నాడు శ్రీసుధే మళ్ళీ ఫోన్ చేసింది. "దిలినీ, నాకు మీ భాష నేర్పుతావా? నా కూతురికి ఏం కావాలో నాకు తెలీడంలేదు."

అలా మొదలయ్యాయి పాఠాలు. రోజూ మధ్యాహ్నం మూడింటికి, పిల్ల పడుకున్నాక. పేర్లూ రంగులూ వద్దంది శ్రీసుధ, ముందు అడగడం నేర్పమంది. మట ఓనె, నాకు కావాలి. పులువన్ నం, వీలైతే. ఏదైనా జరిగితే అని చెప్పాలంటే మాట చివర ఒత్ చేరుతుంది. వెస్సొత్, వాన పడితే. గియొత్, వెళ్తే. శ్రీసుధ క్లెయిముల పుస్తకం వెనకపేజీల్లో తెలుగు లిపిలో రాసుకునేది. ముందు చేతి మీద ప్రయోగించి చూసేది. తెలుగులో చెబితే కదలని చెయ్యి, సింహళంలో చెబితే గ్లాసు అందించేది. సంహిత మొదట నవ్వింది, తర్వాత తప్పులు దిద్దడం మొదలెట్టింది. నాలుగేళ్ళలో కూతురితో అంతసేపు మాట్లాడ్డం శ్రీసుధకి అదే మొదలు.

మే నెలలో దిలినీ రెండో రకం నేర్పింది. "ఇది జరగని వాటికి. జరిగిపోయినట్టు చెప్పి, చివర నం పెట్టాలి. ఆవొత్ అంటే ఇంకా రావచ్చు. ఆవా నం అంటే, వచ్చి ఉంటే. రాలేదన్నమాట."

"ఒక ఉదాహరణ చెప్పు."

దిలినీ సింహళంలో చెప్పి, ఇంగ్లీషులో విప్పింది. "అమ్మకి కుడిచెయ్యి ఉండి ఉంటే నాకు జడలు వేసేది."

శ్రీసుధ రాసుకోబోయి ఆగింది.

"మా బళ్ళో రెండు జడలు వేసుకోవాలి, మేడం. అమ్మమ్మకి చూపు ఆనదు. నాలుగేళ్ళూ పక్కింటక్క వేసింది. అమ్మ వచ్చిన రోజు, రా వేస్తానని కూచోబెట్టింది. ఎడంచేత్తో పాయలు తీస్తుంది, జారిపోతాయి. పంటితో పట్టుకుంది. రాలేదు. అమ్మ ఏడ్చింది." తర్వాత ఉపాధ్యాయురాలి గొంతుతోనే, "ఇప్పుడు మీరొకటి చెప్పండి," అంది.

శ్రీసుధ ఏం చెప్పిందో ఆమెకే గుర్తులేదు.

జూన్లో ఫైజా ఫోన్ చేసింది. ఫైజా పక్క వీధిలో లేడీస్ సెలూన్ నడుపుతుంది, ఆమెదీ లంకే. "మా మరిదికి కొలంబో స్పెషల్ ఫ్లైటులో సీటు దొరికింది, మేడం. నందా చెయ్యి ఇస్తే తీస్కెళ్తాడు. పాపం అక్కడ కష్టమంట, నీళ్ళు తోడుకోడానికి కూడా."

శ్రీసుధ బల్లకేసి చూసింది. చెయ్యి పప్పన్నం కలుపుతోంది. సంహిత నోరు తెరుచుకుని సిద్ధంగా ఉంది. ఆ వారమే ఆఫీసులో ఇరవైమందిని తీసేశారు.

"ఈసారికి వద్దులే, ఫైజా. ఎయిర్‌పోర్ట్ తెరిస్తే ఎలాగూ ఆమే వస్తుందిగా."

"మీ ఇష్టం," అంది ఫైజా. సిద్ధార్థ్ కూడా విని, "అదే నయం, ఆమె వచ్చేదాకా గడవాలిగా," అన్నాడు. నందావతి అడగలేదు. ఫోన్ చేసినప్పుడల్లా నూనె రాస్తున్నారా అనే అడిగేది.

ఆగస్టులో ఒక బుధవారం, పన్నెండు దాటాక, చెయ్యి సంహితకి పెరుగన్నం పెడుతోంది. ఉన్నట్టుండి ముద్ద వదిలేసింది. ఎగిరి బల్ల అంచు పట్టుకుంది. వేళ్ళ కణుపులు తెల్లబడేలా బిగించి పట్టుకుంది. బల్ల ఊగింది, గిన్నె కిందపడింది. శ్రీసుధ హెడ్‌ఫోన్ విసిరేసి వచ్చి, తనకొచ్చిన సింహళమంతా వాడి వదలమంది, ఏమైందంది. చెయ్యి వదల్లేదు. చాలాసేపటికి ఒక్కో వేలూ విచ్చుకుంది. తర్వాత బల్లమీద వెల్లకిలా పడి ఉండిపోయింది.

మూడింటికి పాఠం కోసం ఫోన్ మోగలేదు. నాలుగింటికి మోగింది. దిలినీ.

"అమ్మ బావి దగ్గర జారింది, మేడం. అంచు అందింది. ఎడమచెయ్యి ఒక్కటే. నేను పరుగెత్తేసరికి..."

శ్రీసుధ నోట్లోంచి తెలుగు రాలేదు, ఇంగ్లీషు రాలేదు. ఎవరూ నేర్పని వాక్యం దానంతటదే వచ్చింది. "మమ కలిన్ యెవ్వా నం," అంది. నేను ముందే పంపి ఉంటే.



"సరిగ్గానే చెప్పారు," అంది దిలినీ. "తప్పులేమీ లేవు."

సంహితకి చెప్పాల్సి వచ్చింది. నందమ్మా ఎన్నె నెహె, నందమ్మ రాదు, అని చెప్పింది శ్రీసుధ. సంహిత చేతిని ఒళ్ళో పెట్టుకుని విని, "ఆవొత్?" అని అడిగింది. వస్తే? ఆ వయసుకి దానికి ఆ రకం ఒక్కటే వచ్చు. శ్రీసుధ రెండో రకం నేర్పలేదు. పక్కన కూచుని తల నిమిరింది.

నాలుగోనాటికి చెయ్యి మళ్ళీ కదిలి దువ్వెన అందుకుంది. దాన్ని చూసి శ్రీసుధ వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది. సెప్టెంబరులో ఫైజా తనే ఊరికి వెళ్తుంటే, శ్రీసుధ చేతిని తెల్లటి నూలుగుడ్డలో చుట్టి దిలినీకి పంపింది. సంహితే నూనె రాసింది. విమానాశ్రయంలో కొవిడ్ పరీక్ష కాగితం అడిగి, చేతికి ముక్కెక్కడిదని వాళ్ళే నవ్వి వదిలేశారట. ఫైజా దారంతా దాని వేళ్ళు పట్టుకుని కూచుందట.

సంహిత తిండి మానేసింది. శ్రీసుధ పెడితే రెండు ముద్దలు, సిద్ధార్థ్ పెడితే ఒకటి. పిల్ల ముఖం పీక్కుపోయింది. ఆఫీసువాళ్ళు వచ్చే మార్చి నుంచి అందరూ రావాలన్నారు. అప్పుడే దిలినీ నుంచి మెసేజి వచ్చింది. "నేను వస్తే వీసా ఇస్తారా, మేడం? పరీక్షలు రాసి ఏం చేస్తాను? సంహిత నాతో మాట్లాడుతుంది కదా."

శ్రీసుధ రెండురోజులు ఆలోచించాను అనుకుంది. నిజానికి ఆ సాయంత్రమే సిద్ధార్థ్‌తో చెప్పి కాగితాలు మొదలుపెట్టించింది. వయసు నిండేదాకా ఆగి, మార్చిలో టికెట్ తీశారు. సంహితకి కూడా చెప్పారు. పిల్ల గేటు దగ్గర స్టూలు వేసుకుని కూచోవడం మొదలెట్టింది.

బయల్దేరాల్సిన రోజు పొద్దున్న పది గంటలకి దిలినీ ఫోన్ చేసింది. వీడియోలో గుమ్మం మెట్టు మీద కూచుని ఉంది. పక్కన పెట్టె. రెండు జడలూ నున్నగా, గట్టిగా వేసి ఉన్నాయి. ఆమె ఎడమ మణికట్టుని నందావతి చెయ్యి పట్టుకుని ఉంది.

"అత వదలడంలేదు, మేడం." అత అంటే వాళ్ళ భాషలో చెయ్యి. "పొద్దున్న జడలు వేసింది. పెట్టె ఎత్తగానే పట్టుకుంది. ఒక బస్సు పోయింది. ఇంకో బస్సు అరగంటలో ఉంది. అమ్మమ్మ చెప్పింది, నేను చెప్పాను, వినడంలేదు. ఆరునెలలు మీ ఇంట్లో ఉందిగా, మీ మాట వింటుందేమో. మీరు చెప్పండి."

వెనక నుంచి సిద్ధార్థ్, "చెప్పు సుధా. వదలమని చెప్పు. ఆదివారం నుంచి నీకు ఆఫీసు," అన్నాడు. సంహిత స్టూలు దిగి వచ్చి ఫోన్లోకి చూస్తోంది. చేతిని గుర్తుపట్టి, నందమ్మా అని పిలిచింది. తెరలో చెయ్యి ఆ గొంతుకి ఒక్కసారి ఉలిక్కిపడింది. పట్టు మాత్రం సడలలేదు.

శ్రీసుధ ఆ చేతిని చూసింది. వేళ్ళ కణుపులు తెల్లగా ఉన్నాయి. ఆ తెలుపు ఆమె ఇదివరకు ఒకసారి చూసింది.

వదులు అనడం ఆమెకి వచ్చు. వదిలితే నీ కూతురు బాగుపడుతుంది అనడమూ వచ్చు. చూటి ఆకలితో ఉంది అంటే చాలు, బహుశా వదిలేసేదే. శ్రీసుధ ఫోన్ దగ్గరగా పెట్టుకుంది.

"అల్లగెన ఇన్న," అంది. పట్టుకునే ఉండు.

దిలినీ ముఖం తెల్లబోయింది. "మేడం, మీరు తప్పు మాట చెప్పారు."

"లేదమ్మా, సరిగ్గానే చెప్పాను."

దిలినీ తన మణికట్టు మీది చేతిమీద నుదురు ఆనించింది. రోడ్డు మీద బస్సు హారను వినబడింది, ఆగకుండా వెళ్ళిపోయింది. సిద్ధార్థ్ తలుపు వేసుకుని ఇంకో గదిలోకి వెళ్ళాడు. వారం రోజులు భార్యతో మాట్లాడలేదు.

శ్రీసుధ ఉద్యోగం మానేసింది. పిల్ల ముందు కంచం పెట్టుకుని గంటలు గంటలు కూచునేది. ఉగాది వెళ్ళాక ఒక మధ్యాహ్నం, సంహిత విసుగొచ్చి ముద్ద తనే తీసుకుని తినేసింది. దిలినీ ఆ ఏడు పరీక్ష రాసింది. తర్వాత టీచర్ ట్రైనింగులో చేరింది. ఆమె ఇక్కడికి ఎప్పుడూ రాలేదు.

సంహిత బడికి వెళ్ళింది. తెలుగు వచ్చింది, హిందీ, ఇంగ్లీషు వచ్చాయి. ఒక్కో సింహళ మాటా ఎప్పుడు జారిపోయిందో ఎవరూ గమనించలేదు. ఎనిమిదేళ్ళ పిల్లకి ఇప్పుడు నందమ్మ ఒక ఫోటో. ఇంట్లో ఆ భాష వచ్చినది శ్రీసుధ ఒక్కతే. కూరలు తరుగుతూ, బట్టలు మడతపెడుతూ తనలో తను మాట్లాడుకుంటుంది. అన్నీ నం తో ముగిసే వాక్యాలే.

మొన్నొకరోజు సంహిత నీళ్ళకోసం వంటింట్లోకొచ్చి, కాసేపు నిలబడి వింది.

"అమ్మా, అది ఏం భాష?"

శ్రీసుధ కత్తి పక్కన పెట్టింది. "నీదేనమ్మా," అంది.