వెనక సీటు మాటలు

డయాలసిస్ ఉన్న రోజు పొద్దున్నే ముత్యం చేసే మొదటి పని, పాత తువ్వాలతో భార్య వినోద నడుమునూ తన నడుమునూ కలిపి ముడేయడం. మంథని నుంచి కరీంనగర్ దాకా బండి మీద పోవాలి. వినోద మిషన్ ఎక్కి దిగాక మళ్లీ అదే బండి మీద రావాలి. పోయేటప్పుడు ఆమె బాగానే కూర్చుంటుంది. వచ్చేటప్పుడు మాత్రం, ఒంట్లో రక్తమంతా బయట తిరిగొచ్చిన మనిషి కదా, తడి గోనెసంచిలా అతని వీపు మీద వాలిపోతుంది. ఆడవాళ్లకు బస్సు ఉచితమే. కానీ ఒకసారి ఆ రద్దీలో ఎవరి మోచెయ్యో ఆమె ఎడమచేతికి, సరిగ్గా సూదులు గుచ్చే నరం మీద తగిలి, అది నిమ్మకాయంత ఉబ్బింది. అప్పటి నుంచి బండే. కొత్తలో వాడకట్టువాళ్లు ఆ ముడి చూసి, "ముత్యం పెండ్లాన్ని గట్టిగనే పట్టుకున్నడు" అని నవ్వారు. తర్వాత వాళ్లే నవ్వడం మానేశారు.

ఆ దారి సంగతి అందరికీ తెలిసిందే. వెనక సీటులో కూర్చున్నవాళ్ల మాటలు ముందున్నవాడి చెవిదాకా పోవు, గాలి లాక్కుపోతుంది. లాక్కుపోయి ఎక్కడో ఒకచోట పడేస్తుంది. వరి మళ్లలో పడతాయి, రైస్ మిల్లు రేకుల మీద పడతాయి, టీ కొట్టు దగ్గర బీడీ కాల్చుకుంటున్నవాడి నెత్తిన పడతాయి. పడిన చోట, అన్నవాళ్ల గొంతుతోనే, ఒక్కసారి వినబడి ఊరుకుంటాయి. నాట్లేసే ఆడవాళ్లు వంచిన నడుం ఎత్తకుండానే, "ఎవలో గ్యాసు బందు జెయ్యలేదంటున్నరు" అని గట్టు మీదివాడికి చెబుతారు. వాడు ముందరి చేనుకు కేకేస్తాడు. అలా చేనూ చేనూ దాటి ఆ మాట బండిని అందుకుంటుంది. చేతిలో ఎంత పనున్నా పడిన మాటను ముందుకు పంపడం ఆ దారి మర్యాద. ఏడుపు మాటను మాత్రం ఎవరూ పంపరు. అది ఎవరి మీద పడితే వాళ్లే దిగమింగుకోవాలి.

వానలు మొదలైన కొత్తలో ఒక మధ్యాహ్నం, తిరుగుదారిలో పెద్దపల్లి దాటాక, వినోదకు కళ్లు తిరిగాయి. "ఆపు" అంది. హెల్మెట్ లోపల ముత్యానికి ఏమీ వినబడలేదు. ఆ "ఆపు" పోయి బర్లు కాసే ముసలాయన మీద పడింది. ఆయన అరిస్తే పక్క చేనువాడు అందుకున్నాడు, వాడి నుంచి ఇంకొకడు. చివరికి ఒక మిల్లు ముందు హమాలీలు రోడ్డుకడ్డం నిలబడి బండి ఆపేసరికి, వినోద ఒక పక్కకు జారి తువ్వాల మీద వేలాడుతోంది. కాలి వేళ్లు తారుకు రాసుకొని నెత్తురు కారుతున్నాయి. ముత్యం ఆమెను మిల్లు అరుగు మీద పడుకోబెట్టి, పక్కనే కూలబడి, హమాలీలు చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాడు.

"గీ మిషను ఇగ బందు వెడుదాం" అంది వినోద కళ్లు తెరవకుండా. "ఎన్నొద్దులని ఇట్ల మోస్తవు?"

అది ఆమె రోజూ అనే మాటే. అయినా ఆ రోజు అతని గుండెలో ముల్లులా దిగింది. డాక్టరు చెప్పింది వేరు. మిషన్‌తో కొంతకాలం నెట్టుకురావచ్చు, తర్వాత కిడ్నీ మార్చాల్సిందే అన్నాడు. దుబాయిలో లారీ తోలి తెచ్చుకున్న షుగరుంది కాబట్టి ముత్యానిది పనికిరాదు. కూతురు వందన ఇస్తానంటే, వినోద ఆ పిల్ల ఆ మాట వెనక్కి తీసుకునేదాకా అన్నం ముట్టలేదు. "తోడబుట్టినోళ్లు ఎవరైనా ఉన్నారా?" అని డాక్టరు అడిగాడు. "ఎవలు లేరు సార్" అని ముత్యమే జవాబు చెప్పాడు. మంచం మీద పడుకున్న వినోద గోడవైపు తిరిగింది.

ఉన్నాడు. కరీంనగర్ నుంచి వచ్చేటప్పుడు సుల్తానాబాద్ దాటాక రోడ్డుపక్కనే ఉంది ఆమె తమ్ముడు కరుణాకర్ ఇల్లు. ఆ ఇంటి గృహప్రవేశం నాడు అక్కకు ఒడిబియ్యం పోశాడు. పక్కన బావకు బట్టలు పెట్టేటప్పుడు పీట వేయడం మరిచిపోయారు. పీటంటే ఎంత, జానెడు చెక్క. కానీ దుబాయి నుంచి సెలవు మీద వచ్చిన అల్లుడికి ఆ జానెడు చెక్క మీదే ఉంది పరువంతా. నలుగురిలో భార్య ఒడిలోని బియ్యం అక్కడే దులిపించి, చెయ్యి పట్టుకొని లాక్కొచ్చాడు. పుట్టింటి బియ్యం కింద పోసి వచ్చిన ఆడదాన్ని మళ్లీ ఎవరు పిలుస్తారు? ఎవరూ పిలవలేదు, వీళ్లూ పోలేదు. ఇప్పుడు వారానికి మూడుసార్లు ఆ గడప ముందు నుంచే పోతూ, ముత్యం మెడ తిప్పకుండా బండి నడుపుతాడు.

కిడ్నీ తేలేనివాడు కనీసం ఆమె "ఆపు" అంటే వినాలి కదా. ఆ పట్టుదలతో ఇంటర్‌కమ్ సంగతి పట్టుకున్నాడు. హెల్మెట్‌కు పెట్టుకునే చిన్న డబ్బాలు. ఇద్దరూ చెరొకటి పెట్టుకుంటే ఇంట్లో మాట్లాడుకున్నట్టే వినబడుతుందట. ఫోనులో కనిపించిన వీడియోలన్నీ చూశాడు. అందులో కుర్రాళ్లు లడఖ్ గురించి, పాటల గురించి చెబుతారు తప్ప, సగం ప్రాణంతో ఉన్న మనిషి గొంతు వినబడుతుందో లేదో ఒక్కడూ చెప్పలేదు. వినోద మిషన్ మీదున్నప్పుడు, కరీంనగర్ బస్టాండు వెనక దేవదాస్ నడిపే బండి సామాన్ల దుకాణానికి పోయాడు.

"ఎంత దూరం పనిచెయ్యాలన్నా?" అన్నాడు దేవదాస్. "కిలోమీటరుది ఉన్నది, ఇంకా ఎక్కువది ఉన్నది."

"దూరం వద్దు. ఎనుకనే ఉంటది."

"పాటలు..."

"పాటలొద్దు. గొంతు ఎంత చిన్నగున్నా చెవుల పడాలె."

"ఎంత చిన్నగ?"

ముత్యం కౌంటరు మీద వంగి, వినోద అన్నట్టే అన్నాడు. "ఆపు." అది మాట కాదు, పెదాల కదలిక. దేవదాస్ నవ్వు ఆగిపోయింది. అద్దాల బీరువాలోంచి ఒక్కొక్కటే తీశాడు. ఒకదాని స్పీకర్లు మందంగా ఉండి చెవులు నొక్కాయి. ఇంకొకటి వానకు ఆగదు. మరొకటి బాగానే ఉంది కానీ, ఎవరైనా గట్టిగా మాట్లాడితేనే లేస్తుంది, సన్నని గొంతును గాలే అనుకొని వదిలేస్తుంది. చివరికి నోటి ముందుకు వంగే కడ్డీ మైకున్న జతలో ఒకటి ముత్యం చెవికిచ్చి, రెండోది పట్టుకొని దేవదాస్ రోడ్డు మీదికి పోయి, లారీ హారన్ల మధ్య నిలబడి గుసగుసలాడాడు. "ఆకలైతుందన్నా, జల్ది తేల్చు" అని ముత్యం చెవిలో స్పష్టంగా పడింది.

"గిదే కావాలె" అన్నాడు ముత్యం.

"మంచిది. ఒకటి నీదానికి పెడుత. వదినె హెల్మెట్ ఏది?"

ముత్యం చేతిలోని తన హెల్మెట్ వైపు చూశాడు. ఇన్ని రోజులు బండి మీద తిప్పుతున్నాడు, ఇన్ని వీడియోలు చూశాడు. ఆమె తలకు కొంగు తప్ప ఏమీ లేదని ఇప్పటిదాకా తట్టలేదు. మా దగ్గర హెల్మెట్ బండి నడిపేవాడిదే, వెనక కూర్చున్న ఆడమనిషి తల ఎవరి లెక్కలోనూ ఉండదు. దేవదాస్ ఆ సంగతి ఎత్తకుండా, మెడ మీద బరువు పడని తేలికపాటిది ఒకటి వెతికి, మైకు సరిగ్గా ఆమె పెదాల ముందుకొచ్చేలా బిగించాడు.

ఆ సాయంత్రం నుంచి ముత్యం చెవిలో వినోద ఊపిరి వినబడింది. మొదట అదే అతనికి పండుగ. కరీంనగర్ దాటేదాకా అడుగుతూనే ఉన్నాడు.

"ఇనబడుతుందా?"

"ఆఁ."

"కండ్లు తిరుగుతున్నయా?"

"లే."

"ఏమన్న మాట్లాడు."

"ఏమున్నది మాట్లాడ."

అంతే. సుల్తానాబాద్ దాటి కరుణాకర్ ఇల్లు వచ్చినప్పుడు ఆ ఊపిరి కూడా ఒక క్షణం ఆగింది. వెనక్కి తిరిగి చూశాడు. నోరు గట్టిగా మూసుకొని, మైకును చూస్తూ కూర్చుంది. మరుసటి ట్రిప్పులోనూ అంతే. ఆ తర్వాతా అంతే. అవతల గొంతు సన్నబడిందో, మైకే చెడిందో అని దేవదాస్ దగ్గరికి తీసుకుపోయాడు. "ఖరాబైనట్టున్నది తమ్మీ, ఊపిరొక్కటే వస్తుంది." దేవదాస్ విప్పి చూసి, మళ్లీ బిగించాడు. "మైకు మంచిగనే ఉన్నదన్నా. మాటనే లేదు."

ఒక రోజు వినోద లేవలేదు. "ఇయ్యాల నేను రాను" అంది. బతిమాలాడు, తిట్టాడు, కాళ్లు పట్టుకున్నాడు. వందన ఏడ్చింది. ఆమె కదల్లేదు. ఆ వంతు తప్పిపోయింది. మర్నాటికి కాళ్లు వాచాయి, పండుకుంటే ఊపిరాడక గోడకానుకొని కూర్చుంది. ఆ మర్నాడు తెల్లవారుతూనే ముత్యం ఇక అడగలేదు. ఎత్తుకొచ్చి బండి మీద కూర్చోబెట్టి, హెల్మెట్ పెట్టి, ముడేశాడు. వద్దనే ఓపిక కూడా ఆమెకు లేదు.

దారంతా అతని చెవుల్లో ఆమె రొమ్ము గురగురమంటూనే ఉంది. వినబడాలని ఎంత వెతికి కొన్నాడో అంతా వినబడుతోంది. తన భార్య నీళ్లలో మునుగుతున్న చప్పుడు, రెండు చెవుల్లోనూ. 'దేవుడా, ఒక్క మాట అనిపియ్యి, తిట్టుడైనా మంచిదే' అనుకుంటూ పెద్దపల్లి దాటాడు. ఆమె అనలేదు.

సుల్తానాబాద్ ఇంకా రాకముందే కరుణాకర్ ఇంటి ముందు ఒక మనిషి బండిని మంథనివైపు తిప్పి స్టార్ట్ చేస్తున్నాడు. వీళ్లను చూసి ఆ బండి వదిలేశాడు. అది పక్కకు పడిపోయింది. అతను రోడ్డుకడ్డం వచ్చాడు. కరుణాకరే. గడ్డం మాసి ఉంది, కళ్లు ఉబ్బి ఉన్నాయి. చంకలో పారదర్శకమైన కవరు, అందులో ఎర్రంచు పచ్చచీర, దాని మీద పసుపు కుంకుమ పొట్లాలు, గాజులు.

ముత్యం బ్రేకు వేశాడు. ఆ కవరేమిటో అడగక్కర్లేదు. ముత్తైదువ పోతే చివరిసారి కప్పే చీర పుట్టింటి నుంచే రావాలి. ఒడిబియ్యం దులిపేసుకున్నా, రాకపోకలు తెగిపోయినా, ఆ ఒక్క చీర బాకీ మాత్రం తెగదు.

తువ్వాల ముడి ఉంది కాబట్టి ముత్యం దిగలేకపోయాడు. కరుణాకర్ వెనక్కి వచ్చి అక్క మొహం పట్టుకున్నాడు. అతని గొంతు ఆమె పెదాల ముందరి మైకులో పడి, ముత్యం చెవులు రెంటిలో మోగింది.

"పోయెటప్పుడో మాట, వచ్చెటప్పుడో మాట, నా వాకిట్ల పడుతుండె గదనే అక్కా. నాకు సావబుద్ధి అయితలేదు తమ్మీ, భయమైతుంది తమ్మీ అని. ఇన్నొద్దులసంది ఒక్కటి పడకపాయె. రెండు రోజులసంది బండి గూడ రాకపాయె. ఇగ లేవనుకున్న."

ముత్యం ఇంజను ఆపేశాడు. మిషను బందు వెడుదాం అని అతనితో అన్నది ఈమే. సావబుద్ధి అయితలేదు అని గాలికి చెప్పుకున్నదీ ఈమే. గాలికి పోయే ఆ కాసిన్ని మాటలకు, దుకాణమంతా వెతికి తెచ్చిన డబ్బాతో, తానే మూత పెట్టాడు.

"ఇన్నంకనన్న రాకపోతివి తమ్మీ" అంది వినోద. ఎంత చిన్న గొంతో, అయినా వినబడింది.

"పిలువని ఇంటికి సావుకు తప్ప ఎట్ల రావాలె అక్కా?"

ఒక లారీ హారన్ కొడుతూ పక్కనుంచి పోయింది. ముత్యం హెల్మెట్ అద్దం పైకెత్తాడు. తల తిప్పడానికి చాలాసేపు పట్టింది.

"ఇప్పుడు పిలుస్తున్న కరుణాకర్" అన్నాడు. "తోడబుట్టినోళ్లు లేరని డాక్టరుకు అబద్ధం చెప్పిన. నా నోటితోని నేనే చెప్పిన. దవాఖానకు రా."

కరుణాకర్ చొక్కా చేత్తో మొహం తుడుచుకున్నాడు. "నా రక్తం ఓ పాజిటివే బావా. అక్కది గూడ గదే గదా. కిడ్నీ మార్చాలన్న మాట పడ్డ వారమే చూపిచ్చుకున్న." అని, చేతిలో కవరు ఏం చేయాలో తెలియక దాన్ని వీపు వెనక్కి దాచుకున్నాడు.

"దాస్తవెందుకు, ఇటియ్యి" అంది వినోద. "ఆడ ఏసీకి సలి పెడుతది, కప్పుకుంట."

అతను పసుపు కుంకుమలు తీసి జేబులో వేసుకొని, చీర మడత విప్పి అక్క భుజాల చుట్టూ కప్పాడు. తర్వాత పడిపోయిన బండి లేపి కరీంనగర్ వైపు తిప్పి, వాళ్లకంటే ముందు బయల్దేరాడు. తలకు హెల్మెట్ లేదు. వెనక నుంచి చూస్తే ఎవరితోనో మాట్లాడుతున్నట్టు తల ఊగుతోంది. కాసేపటికి గాలి ఆ మాటలను తెచ్చి వీళ్ల మీద పడేసింది. పోయిన తల్లితో చెబుతున్నాడు. "అవ్వా, అక్క ఉన్నదే. ఉన్నది."

ముత్యం చెవుల్లో ఆ గురగుర ఇంకా ఉంది. ఎంత దూరం పోవాలో, టెస్టులు ఏం తేలుస్తాయో, అసలు ఈ రోజు గడుస్తుందో లేదో అతనికి తెలియదు. మిల్లులు దాటి కరీంనగర్ దగ్గరపడుతుండగా, అడగకుండానే, వినోద మాట్లాడింది.

"జర జోరుగ పోనియ్యరాదు. ఆలిశమైతే నా బెడ్డు ఇంకొకలకు ఇస్తరు."