ఇసుక మింగిన కుక్కర్

నేను ఒక ప్రెషర్ కుక్కర్‌ని. ఒళ్లంతా సొట్టలు, పిడి ఒక పక్క కాలిపోయింది. ఏదో ఫ్యాక్టరీలో అల్యూమినియం సాగదీసి, మెరుగుపెట్టి, నన్ను అట్టపెట్టెలో కూర్చోబెట్టారు. తెనాలిలో కన్యకమ్మగారు తన పుట్టింటి ఇత్తడి బిందె కొట్టువాడికిచ్చి నన్ను తెచ్చుకున్నారు. బిందె పోయిందని దారిపొడుగునా ఏడ్చారు. మర్నాడు కందిపప్పు ఇట్టే ఉడికేసరికి వీధంతా నా గొప్పే చెప్పారు. మనుషుల దుఃఖం ఎంతసేపుంటుందో నాకు అప్పుడే తెలిసింది.

ఆ ఇంట్లోకి ఉల్లిపాయైనా భయపడుతూనే రావాలి. గుడ్డు మాటే లేదు. కోడలు ప్రమీల కాపురానికి వచ్చి తొమ్మిదేళ్లయినా పొయ్యి అత్తగారిదే. కూరలు తరిగేది కోడలు, పోపు వేసేది అత్తగారు. వంట బాగుంటే అత్తగారి చెయ్యి, చెడితే కోడలి తరుగు.

కూతురు తన్వి పుట్టినరోజుకైనా ఏదో ఒకటి మొదటినుంచి చివరిదాకా తన చేత్తో చెయ్యాలని ప్రమీల కోరిక. తన్వి అడిగింది చాక్లెట్ బ్రౌనీ, పైన క్రీముతో.

అత్తగారు భజనకు వెళ్లిన మధ్యాహ్నం ప్రమీల నా రబ్బరు తీసింది, విజిల్ తీసింది. బతుకంతా నీళ్లు తాగిన నా కడుపులో ఇసుక పోసి, ఓవెన్‌లా వేడెక్కాలని సన్నసెగ పెట్టింది. విజిల్ తీసెయ్యడమే మంచిదైంది. గుట్టుగా చేసే పనికి అరిచే గిన్నె పనికిరాదు.

వెన్న కరిగించి, కోకో, పంచదార, మైదా, రెండు గుడ్లు కలిపి, గిన్నెలో పోసి ఆ ఇసుక మీద పెట్టింది. మొక్కకు బలమని పెంకులు కరివేపాకు కుండీలో పూడ్చింది. నా కడుపులో బ్రౌనీ పొంగింది. ఆ వాసన వీధి మలుపులోనే కన్యకమ్మగారిని పట్టుకుంది.

ఆవిడ లోపలికి వచ్చేసరికి ప్రమీల కంగారులో వేడి బ్రౌనీ మీదే క్రీము రాసేస్తోంది. అదంతా కారిపోతోంది.

"ఏం తొందరే? పొయ్యి మీంచి దించినదాని మీద వెన్న నిలుస్తుందటే? ఫ్యాను కింద పెట్టు."

చల్లారాక గరిటె లాక్కుని ఆవిడే నున్నగా రాశారు. సరిగ్గా కుదిరిందో లేదోనని ఒక ముక్క తిన్నారు. తీపి సరిపోయిందో లేదోనని ఇంకోటి. మూడోదానికి కారణం చెప్పలేదు.

"పర్లేదే, నీ చేతిలోనూ పనుంది," అన్నారు. తొమ్మిదేళ్లలో అదే మొదటి మెప్పు. ప్రమీల కళ్లు తుడుచుకుంది.

ఆ తర్వాత కన్యకమ్మగారు చారు పోపుకని కరివేపాకు కోయడానికి వెళ్లారు.

"ప్రమీలా! కుండీలో ఇవేంటే?"

"గుడ్డు పెంకులత్తయ్యా."

"మరి గుడ్లేవీ?"

ప్రమీల ఆవిడ పొట్ట వైపు చూసింది.

కన్యకమ్మగారు కొడుకు వైపు, అదే ప్రమీల మొగుడి వైపు తిరిగారు. వాడి నోట్లో ముక్క ఉంది.

కన్యకమ్మగారు తలకు పోసుకున్నారు, నోరు పుక్కిలించారు, తులసాకు నమిలారు. ఆవిడ శుద్ధి అయిపోయింది. కొడుకు పళ్లు తోముకున్నాడు, వాడి శుద్ధీ అయిపోయింది. ఇక మిగిలింది, ఏమీ తినని నేను.

"ఆ కుక్కర్ మళ్లీ నా వంటింట్లోకి రావడానికి వీల్లేదు!"

నన్ను వెనక వరండాలో పడేశారు. పాతసామాన్లవాడి కేక ఎప్పుడు వినపడుతుందా అని వణికిపోయాను.

"అయితే దీనికి ఇక్కడే ఒక పొయ్యి పెట్టుకుంటానత్తయ్యా," అంది ప్రమీల, నెమ్మదిగా.

"పెట్టుకో, నాకేం! నా గడప దాటకపోతే చాలు."

అత్తగారు కోపంతో అన్న మాటను కోడలు వరంలా పట్టుకుంది. మర్నాడే వరండాలో ఒంటి పొయ్యి వెలిగింది. అది ప్రమీల పొయ్యి. నన్ను వెలివేస్తే ఆమెకో వంటిల్లు వచ్చింది.

ఇప్పుడు ఆదివారం ఆదివారం నా కడుపులో ఇసుక వేడెక్కుతుంది. క్రీము రాసే వేళకు కన్యకమ్మగారు వచ్చి గుమ్మంలో నిలబడతారు. ఆవిడ గడప దాటరు. చెయ్యి మాత్రం దాటుతుంది.

"ఒక చిన్న ముక్క పెట్టవే," అంటారు గొంతు తగ్గించి. "గుడ్డు తగలని పక్కనుంచి."

ప్రమీల పళ్లేన్ని అటూ ఇటూ తిప్పి, ఎంతో శ్రద్ధగా వెతికి, సరిగ్గా నడిమధ్య నుంచి కోసి ఇస్తుంది.