లోడు మీద తేలిన తప్పు

నర్సింహులు లారీ వైరింగును అజీముద్దీన్ మూడుసార్లు చూశాడు. మూడుసార్లూ లోపం దొరకలేదు. కామారెడ్డిలో ఇరవై ఏడేళ్లుగా లారీల కరెంటు పని చేస్తున్న మనిషికి ఇదెంత నామోషీయో చెప్పనక్కర్లేదు. తెలియడం లేదని ఒక్క మాట అంటే పోయేది. అనకుండా తప్పంతా నర్సింహులు కాలికి అంటగట్టాడు.

"బ్రేకు ఒక్కోసారి సగమే పడుతున్నది భాయ్. అది గూడ పొద్దుగూకినంక," అన్నాడు నర్సింహులు.

"బండిల ఏం లేదన్నా. నీకు షుగరుంది గద. పొద్దుగూకేసరికి కాలు తిమ్మిరెక్కుతుండొచ్చు. ఎంత తొక్కుతున్నవో నీకే తెలుస్తలేదు."

నర్సింహులు తన కుడికాలి వంక చాలాసేపు చూసుకున్నాడు. యాభై ఎనిమిదేళ్లవాడు, ఆ లారీ తప్ప వేరే బతుకు తెలియనివాడు. "గీ వడ్ల సీజను అయినంక బండి అమ్మేస్త," అని వెళ్లిపోయాడు. అది జరిగి నాలుగు రోజులు.

ఈరోజు సాయంత్రం దారిలో ఆగిపోయిన వేరే లారీని ఎవరో లోడుతోనే షాపుకు లాక్కొచ్చారు. మామూలుగా అయితే అజీముద్దీన్ లోడు బండిని ముట్టడు. మీద పడితే నలిగిపోతామని అతని భయం, "దించి రాండ్రి" అనేది అతని కట్టుబాటు. అది తెలిసి డ్రైవర్లందరూ ఖాళీ బండ్లే తెస్తారు. దీన్ని కూడా పంపించేద్దామనుకుంటూ ఊరికే వెనక చక్రాల దగ్గర వంగి చూశాడు. బరువుకు స్ప్రింగు కమాన్లు చదునైపోయి, ఇరుసు బండి అడుగుకు దగ్గరగా వచ్చింది. ఖాళీ బండికి మూరెడుండే సందు ఇక్కడ జానెడు కూడా లేదు.

చూస్తుండగానే అతనికి తను చేసిన పని గుర్తొచ్చింది. దసరాకు నర్సింహులు లారీకి సీరియల్ బల్బులు కట్టింది తనే. వేరే దారి వెతకడానికి బద్ధకించి, ఆ వైరును వెనక బ్రేకు వాల్వుకు పోయే వైర్లతో కలిపి, సరిగ్గా ఇరుసుకు పైన, బండి అడుగున టేపు చుట్టాడు. ఖాళీ బండిలో ఆ కట్ట గాలిలో వేలాడుతుంది. లోడు పడితే నలుగుతుంది. పైతొడుగు ఒలిచిపోయి ఉంటే, బల్బులు వేసినప్పుడల్లా ఆ కరెంటు వాల్వులోకి ఎక్కి, బ్రేకును పట్టించే గాలిని బయటికి వదిలేస్తుంది. నర్సింహులు బల్బులు వేసేది పొద్దుగూకాకనే. తను చూసింది ఖాళీ బండిని, అదీ పట్టపగలు.

ఫోన్ చేశాడు. ఎత్తలేదు. స్టీరింగు పట్టాక నర్సింహులు ఫోన్ ముట్టడు. అతని భార్య మంగవ్వకు చేస్తే, "ఎల్లారెడ్డిల వడ్లు నింపుతున్రంట, ఐదింటికి గిటు బయలెల్లుతడు," అంది. ఐదు దాటి పది నిమిషాలయింది.

అజీముద్దీన్ షాపు అలాగే వదిలేసి బైకెక్కాడు. లింగంపేట దాటేసరికి వెలుగు తగ్గిపోయింది. ఇంకొంత దూరం పోయాక, ఎర్రగా పచ్చగా మెరిసిపోతూ నర్సింహులు లారీ ఎదురొచ్చింది. చెయ్యి ఎత్తబోయి చప్పున దించేశాడు. తనను చూస్తే అతను తొక్కేది ఆ బ్రేకునే. నాలుగు వందల బస్తాల బరువు, ముందంతా పల్లం.

లారీ దాటిపోయింది. బైకు తిప్పి వెంటపడ్డాడు. పల్లం సగంలో ఒక షేర్ ఆటో మనుషుల్ని దించుతూ ఆగింది. లారీ వెనక ఎర్రలైట్లు వెలిగాయి, లారీ మాత్రం ఆగలేదు. యా అల్లా, యా అల్లా అనుకోవడం తప్ప అజీముద్దీన్‌కు ఏమీ తోచలేదు. ఆఖరి క్షణంలో ఆటో కదిలి పక్కకు తప్పుకుంది.

పల్లం అయ్యాక రోడ్డు పైకెక్కింది. లారీ నెమ్మదించగానే అతను దాటిపోయి, ఎత్తు చివరన నిలబడి రెండు చేతులూ ఊపాడు. లారీ దానంతటదే ఈడ్చుకుంటూ వచ్చి ఆగింది.

"ముందుగాల బల్బులు బందు చెయ్యన్నా," అన్నాడు.

చక్రాల కింద రాళ్లు పెట్టి, జీవితంలో మొదటిసారి లోడు బండి కిందికి దూరాడు. వేళ్లకు ఒలిచిపోయిన రాగి తగిలింది. వైరు కోసి బయటికి వచ్చాడు.

"బల్బుల వైరు నేనే గలత్ కట్టినన్నా, తప్పు నాదే. నీ కాలుకేం కాలేదు."

నర్సింహులు తిట్టలేదు. రోడ్డు పక్కన కూర్చుని, చెప్పు విప్పి, కుడి పాదాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"నాలుగు రోజుల సంది ఇంట్ల మెట్లు దిగెటప్పుడు గూడ గోడ పట్టుకుంటున్న భాయ్, పడుతనేమోనని," అన్నాడు.

చెప్పు తొడుక్కుంటూ మళ్లీ అన్నాడు. "కాలు మంచిగనే ఉందని మంగవ్వకు నువ్వే చెప్పు. నేను చెప్తే, బండి మీది ఆశతోని అంటున్ననుకుంటది."